పురిటికొండ తవ్వకం

ఈ కథ జరిగిన అడవి పేరు చెప్పానంటే రేపే సగంమంది బస్సు మాట్లాడుకుని చూడ్డానికి బయల్దేరతారు. అందుకని చెప్పను. ఆ అడవి నడుమ ఒక కొండ ఉండేదని మాత్రం చెప్తాను. దాని పేరు పురిటికొండ. చూలుతో ఉన్న ఆడజంతువు ఏదైనా సరే, నెలలు నిండగానే ఆ కొండెక్కేది. అక్కడే ఈని, పిల్ల కాళ్లు నిలదొక్కుకున్నాక దిగి వచ్చేది. ఆ కొండ మీద ఎవరూ ఎవరినీ వేటాడకూడదు, ఎవరూ మన్ను తవ్వకూడదు. అడవి పుట్టినప్పటి నుంచీ అదే కట్టుబాటు. కింద దుప్పి కనబడితే గుటకలు మింగే పులిదొర కూడా కొండ మీద ఎదురైతే దారిచ్చి పక్కకి తప్పుకునేవాడు. ఆయన కూడా అక్కడ పుట్టినవాడే మరి!

ఇందులో ఒక మెలిక ఉంది. మన్ను తవ్విన రోజున అది పురిటికొండ కాకుండా పోతుంది. మామూలు కొండే. అప్పుడిక వేట వద్దనే మాట కూడా చెల్లదు.

ఆ మెలిక మీద కన్నేసింది ఎవరనుకున్నారు? ఇంకెవరు, పులిదొర దగ్గర మంత్రిగా ఉన్న నక్క, సన్యాసిరావు. పేరుకే సన్యాసి. నోరు తెరిస్తే అభివృద్ధి తప్ప ఇంకో మాట రాదు!

కిందటేడు వానలకి వాగు పొంగి, గడ్డి మేసే జంతువులు నాకే ఉప్పునేల మొత్తం కొట్టుకుపోయింది. ఇంకో ఉప్పునేల ఉంది గానీ కొండల అవతల, బోలెడంత దూరం. ఉప్పు లేక దున్నలూ దుప్పులూ నోరు చప్పబడిపోయి ఈసురోమంటూ తిరుగుతున్నాయి. సరిగ్గా ఆ అదను చూసుకుని సన్యాసిరావు బండరాయెక్కాడు.

"సోదర సోదరీమణులారా! మన పురిటికొండ కడుపులో ఉప్పుంది. మీ మనవలు నాకినా తరగనంత ఉప్పు! అంత సంపద పెట్టుకుని మనం చప్పిడి గడ్డి తినడం న్యాయమా?"

"న్యాయం కాదు!" అన్నాడు అడవిదున్న దాలినాయుడు. దున్నల మందకి ఆయనే పెద్ద. మంచివాడే, కానీ ఉప్పు అన్న మాట చెవిన పడితే ఒళ్లు మరిచిపోతాడు.

"తవ్వేదెవరు?" అంది చెట్టు మీంచి ఒక గొంతు.

ఆ గొంతు కొండముచ్చు పైడమ్మది. దొర ఏమన్నా, మంత్రి ఏమన్నా ముందు "కాదు" అనేసి, ఎందుకు కాదో తర్వాత ఆలోచించే రకం. ఆ అడవిలో ప్రతిపక్షం అంటే ఆమే. చెట్టున కాయ లేని రోజున వానని కూడా నిలదీస్తుంది. అందుకే ఆమె మాట ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

"అవతలి అడవి నుంచి అడవిపందుల ముఠాని పిలిపిస్తున్నాం," అన్నాడు సన్యాసిరావు. "గురువులు మేస్త్రి ముఠా. తవ్వడంలో వాళ్లని మించినవాళ్లు లేరు. మోకాలి లోతు తవ్వుతారు, ఉప్పు తీస్తారు, మళ్లీ మన్ను కప్పి మొక్కలు నాటి వెళ్లిపోతారు."

"పంది మొక్క నాటడం నువ్వెక్కడ చూశావు బాబూ?" అంది పైడమ్మ.

అడవంతా గొల్లున నవ్వింది. సన్యాసిరావు కూడా నవ్వేశాడు. నవ్వనిది ఒక్కతే, చుక్కల దుప్పి చిలకమ్మ. నిండు చూలాలు. ఇవాళో రేపో అన్నట్టుంది.

సభ చెదిరిపోయాక ఆమె పైడమ్మ చెట్టు కిందకి వచ్చింది.

"పైడమ్మత్తా, కొండ తవ్వేస్తే నేనెక్కడ ఈనాలి?"

"తవ్వనిస్తే కదే!"

"కిందటేడు వాగు పొంగి కొండకి చేరలేకపోయాను. పొదలో ఈనాను. నేను నీళ్లు తాగొచ్చేలోపు నక్కలొచ్చి నా పిల్లని పట్టుకుపోయాయి. నీకు తెలుసు కదా. ఈసారీ అలాగైతే నేను బతకను అత్తా."

ఆ మాటకి పైడమ్మ చెట్టు దిగి వచ్చి చిలకమ్మ మెడ నిమిరింది.

"ఓలమ్మా, ఊరుకో. ఒక్క మాట చెప్పు. ఆ సన్యాసిరావు ఉప్పు నాకగా ఎప్పుడైనా చూశావా?"

"లేదు."

"ఉప్పు ముట్టనివాడికి ఉప్పు మీద ఇంత ప్రేమేటి? వాడికి కావలసింది ఉప్పు కాదే తల్లీ. కొండ మీద కాళ్లు నిలవకుండా పడుండే మీ పిల్లలు!"

చిలకమ్మ బెదిరిపోయి కొండ వైపు చూసింది. పైడమ్మకి మాత్రం ఒళ్లు మండిపోయింది. "చూస్తాను, ఎలా తవ్వుతాడో చూస్తాను!" అంటూ ఒక్క ఊపున మళ్లీ చెట్టెక్కింది.

కట్టుబాటు మార్చాలంటే దొర ఒక్కడి మాట చాలదు, వాగుసభ జరగాలి. ఆ సభ తీరు ఇదీ. కావాలనేవాళ్లు వాగుకి ఒక ఒడ్డున, వద్దనేవాళ్లు రెండో ఒడ్డున నిలబడాలి. పులిదొర మూడుసార్లు గాండ్రిస్తాడు. మూడో గాండ్రింపు దాకా ఎవరైనా ఎటైనా దాటొచ్చు. అది వినబడ్డాక ఎక్కడి కాళ్లు అక్కడే. ఏ ఒడ్డున తలలు ఎక్కువుంటే ఆ మాట నెగ్గినట్టు. ఇంకో మర్యాద కూడా ఉంది. ఒడ్డు ఎంచుకునే హక్కు ముందు వద్దనేవాళ్లది.

"ఏ ఒడ్డు కావాలి పైడమ్మక్కా?" అని అడిగాడు సన్యాసిరావు, మహా మర్యాదగా.

"పడమటి ఒడ్డు."

సన్యాసిరావుకి నవ్వాగలేదు. తూర్పు ఒడ్డున మెత్తటి ఇసుక, చల్లటి నీడ. పడమట అన్నీ బండరాళ్లు, వాటి మధ్య నాలుగు ఇప్పచెట్లు. "అక్కడ కూర్చోడానికి చోటు కూడా లేదక్కా!"

"మేం నిలబడతాంలే బాబూ. నువ్వు కూర్చో."

సభ రోజు పొద్దు పొడుస్తూనే అడవంతా వాగు దగ్గరికి వచ్చేసింది. ఏం హడావిడి, ఏం గోల! నెమళ్లు కొమ్మలెక్కాయి, కుందేళ్లు బండల మీదికెక్కాయి. అంతలో తూర్పు దిక్కున దుమ్ము లేచింది. అడవిపందులు! గుంపులు గుంపులుగా, ఒకదాని వెనక ఒకటి, తోసుకుంటూ తొక్కుకుంటూ వచ్చేశాయి. తూర్పు ఒడ్డు నల్లగా నిండిపోయింది.

"వీళ్లెవరు?" అన్నాడు పులిదొర. ముసలాయన, పొద్దున్నే నిద్ర లేపారని అసలే చిరాగ్గా ఉన్నాడు.

"మన అడవి బిడ్డలే దొరా!" అన్నాడు సన్యాసిరావు గుండె మీద చెయ్యేసుకుని. "చిన్నప్పుడు వలసపోయారు. పుట్టినగడ్డ బాగుపడుతుందని తెలిసి, ఉండబట్టలేక తిరిగొచ్చారు."

"అబద్ధం!" అని అరిచింది పైడమ్మ.

"నువ్వెప్పుడూ అదే అంటావు," అని దొర ఆవులించాడు. "సరే, కానివ్వండి."

అవతల గురువులు మేస్త్రి సన్యాసిరావు చెవి దగ్గరికి మూతి పెట్టాడు. "మంత్రిగారూ, నిన్నటి నుంచీ నడుస్తున్నాం. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. భోజనం ఎక్కడ?"

"సభ అవ్వనీ. అడవిదుంపలు గుట్టగా పోయించాను."

"ఇప్పుడో నాలుగు దుంపలు పడేస్తే..."

"ఇప్పుడు పెడితే తిని, నీడ చూసుకుని పడుకుంటారు. మీ సంగతి నాకు తెలీదా? మూడో గాండ్రింపు పడనీ, అప్పుడు తిందురు గాని."

చూశారా? సభలకి జనాన్ని తోలేవాళ్లందరిదీ ఇదే తెలివి. ముందు పెడితే జారుకుంటారని కడుపు మాడ్చి నిలబెడతారు. సన్యాసిరావు కూడా అలాగే నిలబెట్టాడు, పైగా తన తెలివికి తానే మురిసిపోయాడు.

పులిదొర మొదటిసారి గాండ్రించాడు.

తూర్పున పందులు, నక్కలు, దాలినాయుడి దున్నల మంద. పడమట దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులు, నెమళ్లు. కొండముచ్చులన్నీ ఇప్పచెట్ల మీద. లెక్కపెట్టే పనే లేదు, కళ్లకే తెలిసిపోతోంది. పడమటి ఒడ్డు ఓడిపోతోంది!

చిలకమ్మ నీళ్ల అంచుకొచ్చి అవతలి ఒడ్డుకి కేకేసింది.

"దాలినాయుడన్నా! మీ అమ్మ నిన్నెక్కడ కన్నది?"

దాలినాయుడు ఉలిక్కిపడ్డాడు. "కొండ మీదేనమ్మా."

"మరి ఆ ఒడ్డున ఎందుకున్నావు?"

"ఏం చెయ్యమంటావు చిలకమ్మా? ఉప్పు లేక నోరు చచ్చిపోయింది. మంద మొత్తం చిక్కిపోతోంది."

"నాకూ ఉప్పు కావాలన్నా. చూలాలిని, నీకంటే నాకే ఎక్కువ కావాలి. అయినా ఈ ఒడ్డునే నిలబడ్డాను."

దాలినాయుడు తల దించుకున్నాడు. గిట్టతో ఇసుక గీరాడు. కానీ కదల్లేదు.

రెండో గాండ్రింపు!

అదే క్షణాన చిలకమ్మకి నడుంలో కలుక్కుమంది. నొప్పులు! వెనకకాళ్లు వంగిపోయాయి. తలెత్తి కొండదారి వైపు చూసింది. దారి మొదట్లో సన్యాసిరావు బావమరుదులు కూర్చుని ఉన్నారు. సభకి రాలేదు, ఒడ్డున నిలబడలేదు. ఊరికే కూర్చుని, నాలుకలు వేలాడేసుకుని, ఆమె వైపే చూస్తున్నారు. కొండ మామూలు కొండ అయిపోయే క్షణం కోసం!

"ఓసే చిలకమ్మా, పరుగెత్తవే! ఇప్పుడే కొండెక్కెయ్! ఇంకా కట్టుబాటు ఉంది!" అని పైనుంచి అరిచింది పైడమ్మ.

"ఎక్కాక కట్టుబాటు పోతే? అక్కడే పట్టేస్తారు! నేను పోతే ఇక్కడ ఒక తల తగ్గుతుందత్తా! నేను కదలను!" అని పళ్లు బిగించి, కాళ్లు వణుకుతున్నా నిలబడే ఉంది.

పైడమ్మ కళ్లు చెమర్చాయి. తోకతో కొమ్మని గట్టిగా చుట్టేసి, గొంతు చించుకుని అరిచింది.

"ఊపండర్రా!"

నిన్నటి నుంచీ ఒక్క కొండముచ్చుని కూడా ఆ చెట్ల పువ్వు ముట్టనివ్వలేదు ఆమె. ఇప్పుడు అన్నీ ఒక్కసారే కొమ్మల మీద ఎగిరాయి, దూకాయి, వేలాడి ఊగాయి. జలజలా జలజలా ఇప్పపువ్వు రాలింది! బండలు కనబడనంతగా రాలింది. తీపి వాసన గాలికి లేచి వాగు దాటింది.

తూర్పు ఒడ్డున ఒక మూతి పైకి లేచింది. తర్వాత ఇంకోటి. తర్వాత అన్నీ.

"మేస్త్రీ," అంది ఒక కుర్రపంది, "అది ఇప్పపువ్వేనా?"

"ఇప్పపువ్వే," అన్నాడు గురువులు, లొట్టలేస్తూ.

"కదలకండి! ఒక్క గాండ్రింపే మిగిలింది!" అని సన్యాసిరావు అడ్డంగా నిలబడ్డాడు. "గుట్టలకొద్దీ దుంపలున్నాయని చెప్పానా లేదా?"

"చెప్పారు బాబూ. దుంపలు కనబడట్లేదు. పువ్వు కనబడుతోంది."

అంతే! ధబధబా దూకేశాయి వాగులోకి. నీళ్లు ఎగిరి చెట్ల ఆకుల దాకా తగిలాయి. సన్యాసిరావు ఒకడి తోక పట్టుకుంటే వాడు వాగు సగం దాకా ఈడ్చుకుపోయాడు. "వెనక్కి రండ్రా! నా మాట వినండ్రా! మేస్త్రీ, నీకు దణ్ణం పెడతాను!" ఎవడు వింటాడు? పందులన్నీ పడమటి ఒడ్డెక్కి, బండల మధ్య మూతులు దూర్చి చప్పరించడం మొదలెట్టాయి.

మూడో గాండ్రింపు అడవంతా మారుమోగింది. ఎక్కడి కాళ్లు అక్కడే!

పులిదొర రెండు ఒడ్లూ చూశాడు. ఆయన నిద్ర వదిలిపోయింది. "వద్దన్నవాళ్లే నెగ్గారు!"

"చెల్లదు దొరా!" తడిసి ముద్దయి నీళ్లలోంచి లేచాడు సన్యాసిరావు. "వాళ్లు వద్దని పోలేదు, తిండి కోసం పోయారు!"

"మరి నీ ఒడ్డుకి దేనికొచ్చారు బాబూ? నీ ముఖం చూడ్డానికా?" అంది పైడమ్మ.

పడమటి ఒడ్డంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వుకి సన్యాసిరావు తల తిరిగింది. కోపంలో నోరు జారిపోయింది.

"వాళ్ల తలలు లెక్కెయ్యడానికి లేదు! అసలు వాళ్లు మన అడవి వాళ్లే కాదు!"

"ఏమన్నావు?" పులిదొర లేచి నిలబడ్డాడు. "పొద్దున మన బిడ్డలన్నావు? గుండె మీద చెయ్యేసుకుని మరీ అన్నావు?"

సన్యాసిరావు అంతలోనే మళ్లీ తెలివి తెచ్చుకున్నాడు. పందులు పోతే పోయాయి, దున్నల మంద ఇంకా తన వైపే ఉంది కదా! "పొరపాటే దొరా. వాళ్లని తీసేసి మళ్లీ గాండ్రించండి. అప్పుడు చూడండి ఎవరు నెగ్గుతారో."

"అలాగే. పందులు తప్ప మిగతావాళ్లవే తలలు," అన్నాడు దొర.

పైడమ్మ గుండెల్లో రాయి పడింది. పందులు లేకపోయినా దున్నల మంద ఎటుంటే అటే మొగ్గు. ఇంకో ఉపాయం లేదు ఆమె దగ్గర. చిలకమ్మ ముందుకాళ్ల మీద కూలబడి, మళ్లీ లేచి నిలబడింది.

అప్పుడు కదిలాడు దాలినాయుడు. మెల్లిగా సన్యాసిరావు ముందుకొచ్చి ఆగాడు.

"మంత్రిగారూ, పందులు మనవాళ్లన్నారు. కాదని ఇప్పుడు మీరే అంటున్నారు. మోకాలి లోతే తవ్వుతామన్నారు. అదైనా నిజమేనా?"

"నిజం! ఒట్టు!"

"మోకాలి లోతా?" అన్నాడు గురువులు మేస్త్రి అవతలి ఒడ్డు నుంచి, నోటినిండా పువ్వుతో. "ఎవరన్నారు బాబూ? కొండ అడుగు కనబడేదాకా అని కదా నాతో మాట! నీళ్ల ఊట తగిలినా ఆపొద్దన్నారు కదా!"

దాలినాయుడు ఇంకేమీ అడగలేదు. కొండదారి మొదట్లో కూర్చున్న నక్కల్ని ఒకసారి చూశాడు. నీళ్లంచున వణుకుతున్న చిలకమ్మని ఒకసారి చూశాడు. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి.

"పదండర్రా," అన్నాడు మందతో. "ఉప్పు కొండల అవతలుంది. దూరమైతే అయింది, నడుద్దాం. కాళ్లు లేవా మనకి?"

దున్నల మంద మొత్తం వాగు దాటింది. పులిదొర గాండ్రించేసరికి తూర్పు ఒడ్డున సన్యాసిరావు, అతని చుట్టాలు నలుగురూ తప్ప ఎవరూ లేరు. పడమటి ఒడ్డున లేచిన కేకకి కొండ మీద పక్షులన్నీ ఎగిరిపోయాయి. పైడమ్మ కొమ్మ మీంచి కొమ్మకి గెంతుతూ "వద్దంటే వద్దే! వద్దంటే వద్దే!" అని గొంతు పోయేదాకా అరిచింది.

"అమ్మా, పద," అన్నాడు దాలినాయుడు చిలకమ్మతో. దున్నలు ఆమెకి అటూ ఇటూ గోడలా నడిచాయి. దారిలో కూర్చున్న బావమరుదులు ఆ కొమ్ములు చూసి కాళ్లకి బుద్ధి చెప్పారు. చిలకమ్మ కొండెక్కింది. ఎండ ముదరకముందే ఈనింది. ఆడపిల్ల. తల్లి నాకుతుంటే తల విదిలించి, లేవబోయి పడి, మళ్లీ లేచింది. చిలకమ్మ నీళ్లు తాగడానికి ఊట దగ్గరికి వెళ్లింది. వెళ్తూ ఒక్కసారి కూడా వెనక్కి చూసుకోలేదు. అంత ధైర్యంగా వెళ్లింది.

ఇక సన్యాసిరావు సంగతి. ఇప్పపువ్వు మత్తు దిగాక పందులన్నీ లేచి నేరుగా అతని బొరియ దగ్గరికి వచ్చాయి. అక్కడ ఒక్క దుంప కూడా కనబడలేదు.

"మంత్రిగారూ, దుంపలు?"

"ఏం దుంపలు? నా ఒడ్డున నిలబడితే కదా!"

"అంటే, గుట్ట లేనే లేదన్నమాట," అన్నాడు గురువులు. మూతి దించి నేల వాసన చూశాడు. "ఫర్లేదు బాబూ. మీ బొరియ కిందే మంచి దుంపవేరు పోతోంది. మేమే తీసుకుంటాం."

మట్టి ఎగిరింది. సన్యాసిరావు పెళ్లాం, పిల్లల్ని నోట కరుచుకుని బయటికి పరుగెత్తింది.

"ఆగండి! ఆగండ్రా!" సన్యాసిరావు అటూ ఇటూ దూకుతూ గగ్గోలు పెట్టాడు. "ఇది కాపురమున్న చోటు! నా పిల్లలు పెరిగే చోటు! దుంపలు ఇంకెక్కడైనా దొరుకుతాయి, ఇలాంటి చోటు నాకు మళ్లీ దొరకదు! పైడమ్మక్కా, అన్నిటికీ వద్దంటావే, దీనికీ వచ్చి వద్దని చెప్పక్కా!"

పైడమ్మ చెట్టు మీంచి అంతా చూస్తూనే ఉంది. నిజం చెప్పాలంటే పిల్లల్ని చూసి ఆమెకి జాలేసింది కూడా.

"చెప్తాను బాబూ, ఎందుకు చెప్పను?" అంది. "ఇవాళ మొదటిసారి నువ్వు అన్నదానికి నేను అవునంటున్నాను."

ఆమె చెట్టు దిగి వచ్చేసరికి అక్కడ బొరియ లేదు, గొయ్యి ఉంది.

నీతి: తన గూటి మన్ను తవ్వితే గోల పెట్టేవాడు, అందరి పురిటిమన్ను తవ్వమని అడగకూడదు.